ప్రీమియం తగ్గిద్దామని వెల్‌నెస్ మొదలుపెట్టాం: మా ఫ్యాక్టరీలో ఏడాది పాటు ఏం జరిగింది

సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో మందుల కంపెనీలకు సీసాలు, మూతలు తయారుచేసే ఫ్యాక్టరీలో నేను హెచ్‌ఆర్ చూస్తాను. మా గ్రూప్ మెడిక్లెయిమ్ పాలసీ, అంటే ఉద్యోగులకూ వాళ్ల కుటుంబాలకూ కలిపి కంపెనీ తీసుకునే ఆరోగ్య బీమా, ఏటా ఏప్రిల్ 1న రెన్యూ అవుతుంది. 2025 ఫిబ్రవరి మూడో వారంలో ఇన్సూరెన్స్ బ్రోకర్ కొత్త కొటేషన్ పంపాడు. అంతకుముందు ఏడాది 31 లక్షలు కట్టాం, ఇప్పుడు 47 లక్షలు అడుగుతున్నారు. దాని మీద 18 శాతం జీఎస్టీ వేరే. ఎందుకింత అని అడిగితే ఒకటే జవాబు: క్లెయిమ్స్ రేషియో 126 శాతం. అంటే మేం వంద కడితే వాళ్లు నూట ఇరవయ్యారు ఇచ్చుకున్నారు.

ఆ మెయిల్ ఎండీ గారికి పంపడానికి చేతులు రాలేదు. పంపాక సాయంత్రం పిలిచారు. "వెల్‌నెస్ ప్రోగ్రాం పెడితే, అంటే ఉద్యోగుల ఆరోగ్యం మీద మనమే శ్రద్ధ పెడితే, ప్రీమియం తగ్గుతుందట కదమ్మా, బ్రోకర్ చెప్తున్నాడు. నువ్వు చూడు" అన్నారు. ఆ "నువ్వు చూడు" ఏడాది పట్టింది. మీ నెత్తిన కూడా ఇదే పని పడితే లోపల ఏం జరుగుతుందో తెలియాలని రాస్తున్నా.

మార్చి నెలంతా బేరాలతో సరిపోయింది. నలుగురు ఇన్సూరర్ల దగ్గర కొటేషన్ అడిగాం, ఇద్దరు క్లెయిమ్స్ షీటు చూసి మాకొద్దన్నారు. చివరికి పాత కంపెనీతోనే 41 లక్షలకు కుదిరింది, ఒక షరతు మీద: తల్లిదండ్రుల క్లెయిములలో 20 శాతం కో-పే. అంటే అమ్మకో నాన్నకో లక్ష బిల్లయితే ఇరవై వేలు ఉద్యోగే కట్టుకోవాలి. ఆ నోటీసు పెట్టిన రోజు నా క్యాబిన్ ముందు జనం. "మేడం, మా నాన్నకి మే నెలలో మోకాలి ఆపరేషన్ డేటిచ్చారు, ఇప్పుడెలా?" అని టూల్ రూంలో పనిచేసే ఒకతను అడిగితే నా దగ్గర జవాబు లేదు. వెల్‌నెస్ అనే మాట మా ఫ్యాక్టరీలో అడుగుపెట్టింది ఈ కోపం మధ్యలోనే. తర్వాత నాలుగు నెలలు ఏం చేసినా "కో-పే పెట్టి ఇప్పుడు యోగా అంటారా" అనేవారు. వాళ్ల తప్పేం లేదు.

ఏప్రిల్‌లో టీపీఏ (ఇన్సూరర్ తరఫున క్లెయిములు చూసే సంస్థ) దగ్గర్నుంచి క్లెయిమ్స్ షీటు తెప్పించాను. పేర్లు తీసేసి పంపమన్నాను. మామూలుగా పేరు, జబ్బు, హాస్పిటల్ అన్నీ కలిపి ఎక్సెల్‌లో పంపేస్తారు, ఎవరూ అడ్డు చెప్పరు. ఎవరి భార్యకి గర్భసంచి తీశారో నాకెందుకు? పేర్లు లేకుండా ఇవ్వడానికి మూడు వారాలు తిప్పారు.

ఆ షీటు ముందు కూర్చున్న రెండు సాయంత్రాలే ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే పనికొచ్చినవి. డబ్బులో సగానికి పైగా తల్లిదండ్రులవే: మోకాలి చిప్పలు, స్టెంట్లు, కంటి శుక్లాలు, ఒకాయన డయాలసిస్. అరవై ఐదేళ్ల పెద్దాయన గుండెకి మా ఫ్యాక్టరీలో జుంబా క్లాసు పెడితే ఏమొస్తుంది? మిగిలిన దాంట్లో కాన్పులు, ఒక రోడ్డు ప్రమాదం, పిల్లల జ్వరాలు. ఉద్యోగులవి అని లెక్కపెట్టదగ్గవి రెండే రకాలు కనిపించాయి. ఒకటి, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా వరసగా జ్వరం అడ్మిషన్లు, ఒక్కోటి ఇరవై ఐదు, ముప్పై వేలు. రెండోది, కిడ్నీలో రాళ్లు. అవి అంతమందికి ఎందుకొచ్చాయో అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఇంకో సంగతి కూడా ఆ షీటులోనే తెలిసింది. జీతం నెలకు 21,000 దాటితే ఈఎస్ఐ (తక్కువ జీతాల కార్మికులకు ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా) వర్తించదు కదా. మధ్యలో దాటినా ఆ కాంట్రిబ్యూషన్ పీరియడ్ అయ్యేదాకా, అంటే సెప్టెంబరు చివరి వరకో మార్చి చివరి వరకో, ఈఎస్ఐలోనే ఉంటారు. తర్వాత బయటికొస్తారు. మేం ఇంక్రిమెంట్లు ఇచ్చిన ప్రతిసారీ కొంతమంది సీనియర్ ఆపరేటర్లు ఇలా ఈఎస్ఐ దాటి, అమ్మానాన్నలతో సహా మా పాలసీలోకి వస్తున్నారు. 2023లో 170 కుటుంబాలున్న పాలసీలో ఇప్పుడు 210 ఉన్నాయి. ప్రీమియం పెరగడంలో దీని వాటా ఎంతో బ్రోకర్ స్లైడ్లలో ఎక్కడా లేదు.

స్లైడ్లలో ఉన్నది వేరు. వెల్‌నెస్ మీద ఒక డాలరు పెడితే మూడు డాలర్ల పైచిలుకు వైద్య ఖర్చు మిగులుతుందని పెద్ద అక్షరాల్లో వేశాడు. అది 2010లో హార్వర్డ్ వాళ్లు పాత అధ్యయనాలన్నీ కలిపి వేసిన లెక్క. మా ఫైనాన్స్ హెడ్ ఏదీ ఊరికే నమ్మే రకం కాదు. ఆయనే వెతికి 2019లో వచ్చిన ఇంకో పరిశోధన పంపాడు. అమెరికాలో బీజేస్ హోల్‌సేల్ క్లబ్ అనే దుకాణాల సంస్థలో 160 చోట్ల, దాదాపు 33,000 మంది ఉద్యోగుల మీద చేశారు. చీటీలు తీసినట్టు కొన్ని దుకాణాలను ఎంచుకుని అక్కడ మాత్రమే వెల్‌నెస్ పెట్టారు. ఏడాదిన్నర తర్వాత చూస్తే వ్యాయామం చేస్తున్నామని, బరువు మీద శ్రద్ధ పెడుతున్నామని చెప్పినవాళ్లు పెరిగారు. బీపీలో, కొలెస్ట్రాల్‌లో, వైద్య ఖర్చులో, సెలవుల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. తమాషా ఏమిటంటే 2010 వ్యాసం రాసిన ముగ్గురిలో ఇద్దరే ఈ రెండోదీ రాశారు. "మరి మనమెందుకు చేస్తున్నాం?" అని ఫైనాన్స్ హెడ్ అడిగాడు. "మన షీటులో ఉన్న జ్వరాలకీ రాళ్లకీ చేద్దాం సార్, మిగతాది నేను మాటివ్వను" అన్నాను. అది మెయిల్‌లో కూడా పెట్టాను. మీరూ పెట్టండి, ఏడాది తర్వాత ఎవరికీ ఏమీ గుర్తుండదు.

అయినా ఎండీ గారి ముచ్చట కాబట్టి యాప్ తీసుకోక తప్పలేదు. అడుగులు లెక్కపెట్టే యాప్, మనిషికి నెలకు 60 రూపాయలు, మూడు నెలల ఒప్పందం, జూన్‌లో మొదలు. సంతకం పెట్టిన వారానికి గానీ ఎవరికీ తట్టలేదు: మా ప్రొడక్షన్ హాల్లోకి ఫోన్ రానివ్వం! క్లీన్‌రూం, దుమ్మూ క్రిములూ చేరకుండా కాపాడే చోటు. రోజుకు ఎనిమిది గంటలు మెషీన్ల మధ్య తిరిగే మనిషి అడుగులు సున్నా, లాకర్లో ఫోను. ఆఫీసులో కూర్చునేవాళ్లకి పది వేలు. మొదటి నెల ప్రైజు కొట్టిన డిస్పాచ్ కుర్రాడు ఫోను ఇంట్లో పాప ఊయలకి కట్టాడని తర్వాత తెలిసింది. నవ్వి ఊరుకున్నాం.

జూలైలో హెల్త్ చెకప్. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

మొదట ఒక పెద్ద హాస్పిటల్ వాళ్లు ఉచితంగా క్యాంపు పెడతామని వచ్చారు. బ్యానర్లు, బీపీ, షుగర్, ఈసీజీ, అన్నీ ఉచితం. మా పక్క యూనిట్‌లో అంతకుముందు ఏడాది ఇలాంటి క్యాంపే ఒకటి పెట్టారు. అక్కడి హెచ్‌ఆర్ ఆవిడని అడిగితే, క్యాంపయిన వారం నుంచి వాళ్ల ఉద్యోగులకి ఫోన్లు మొదలయ్యాయంది: "మీ ఈసీజీలో తేడా ఉంది, వచ్చి యాంజియోగ్రాం చేయించుకోండి, మీ ఇన్సూరెన్స్ ఉంది కదా." అలా చేరినవాళ్ల బిల్లులు వాళ్ల క్లెయిమ్స్ రేషియోలోనే పడ్డాయి. ఖర్చు తగ్గించుకుందామని పెట్టిన క్యాంపు ఖర్చు తెచ్చిపెట్టింది. అందుకని మేం డబ్బిచ్చి ఒక ల్యాబ్‌ని మాట్లాడుకున్నాం, మనిషికి 850 రూపాయలు. ఫోన్ నంబర్లు ఎవరికీ ఇవ్వకూడదని, రిపోర్టు కవర్ అంటించి మనిషి చేతికే ఇవ్వాలని, మాకు మొత్తం లెక్క మాత్రమే ఇవ్వాలని ఒప్పందంలో రాయించాను.

ఈఎస్ఐలో ఉన్న ఆపరేటర్లని కూడా చేర్చాలా అన్న దగ్గర పెద్ద వాదన జరిగింది. వాళ్ల జబ్బులు మా ప్రీమియంలోకి రావు, అందుకని ఫైనాన్స్ వద్దంది. ఒకే లైన్లో పక్కపక్కన నిలబడే ఇద్దరిలో ఒకడికి రక్తం తీసి, ఇంకొకడిని నీకు లేదు పొమ్మని నేను చెప్పలేనన్నాను. ప్లాంట్ హెడ్ నా వైపు మాట్లాడబట్టి ఒప్పుకున్నారు. కాంట్రాక్ట్ లేబర్‌కి బీపీ, షుగర్ మాత్రం చూశారు, రక్త పరీక్షలు లేవు. అది నాకు ఇప్పటికీ బాగా అనిపించదు.

పరగడుపున రక్తం ఇవ్వాలంటే నైట్ షిఫ్ట్ వాళ్లతో చిక్కు. రాత్రి రెండింటికి తింటారు, పొద్దున ఆరింటికి దిగుతారు. వాళ్లని వీక్లీ ఆఫ్ మర్నాడు రమ్మన్నాం. అందరికీ హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) పెట్టించడం మంచిదైంది, దానికి పరగడుపు అక్కర్లేదు. ఇచ్చాక తినడానికి ఇడ్లీ పెట్టకపోతే కళ్లు తిరిగి పడతారు, ముందే చెప్పి పెట్టుకోండి.

మొదటి రోజు సగం మంది రాలేదు. భయం. రిపోర్టులో ఏదైనా ఉంటే ఉద్యోగం తీసేస్తారని, పర్మినెంట్ చేయరని. యూనియన్ సెక్రటరీని ముందు కూర్చోబెట్టి రక్తం తీయించాం, ఆయనే కవర్ చింపి అందరి ముందు చదివాడు. "ఏం లేదురా, నాకు షుగరుంది, అంతే" అన్నాడు. ఆ మర్నాడు క్యూ కట్టారు.

లెక్క వచ్చాక నా గుండె జారింది. పరీక్ష చేయించుకున్నవాళ్లలో బీపీ 140/90 దాటినవాళ్లు దాదాపు మూడో వంతు. వాళ్లలో ఎక్కువమందికి అప్పటిదాకా తెలియదు, వయసు చూస్తే ముప్పై ఐదు, నలభై. స్టోర్స్‌లో ఒకతనికి 190/110 వచ్చింది. నర్సు మూడుసార్లు చూసింది. అతను మాత్రం "మేడం, నాకేం లేదు, లారీ అన్‌లోడ్ చేయించాలి" అంటాడు. అతన్ని అక్కడే కూర్చోబెట్టి ఇంటికి ఫోన్ చేయించి, కంపెనీ కారులో డాక్టర్ దగ్గరికి పంపేసరికి నాకు చెమటలు పట్టాయి. ఆ రోజు లారీ గేటు బయటే ఉండిపోయింది, దాన్ని ఆపినందుకు డిమరేజ్ కట్టాం.

చెకప్ చేశాక ఏం చేయాలన్నది ఎవరూ ఆలోచించరు. కవర్ ఇంటికెళ్లి బీరువాలో పడుతుంది. మేం ఆగస్టు నుంచి ఒక జనరల్ ఫిజీషియన్‌ని వారానికి రెండు రోజులు, రోజుకు రెండు గంటలు రప్పించాం. నెలకు 24,000. సమయం షిఫ్టు మారే వేళ పెట్టాం, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి దాకా. అప్పుడైతే ఎ షిఫ్టు వాళ్లూ బి షిఫ్టు వాళ్లూ ఇద్దరూ దొరుకుతారు. బీపీ, షుగర్ మాత్రలు చవకగా దొరికే జన్ ఔషధి దుకాణం నుంచి తెచ్చి ఇచ్చాం. మొత్తానికి మందుల ఖర్చు నేను భయపడినదాంట్లో నాలుగో వంతు కూడా కాలేదు.

జ్వరాల రహస్యం ఆ డాక్టర్ గారే విప్పారు. మా పాలసీలో ఓపీ లేదు. జ్వరమొచ్చి డాక్టర్ దగ్గరికెళ్లి పరీక్షలు చేయించుకుంటే మూడు నాలుగు వేలు సొంత జేబులోంచి పోతాయి. అదే 24 గంటలు అడ్మిట్ అయితే అంతా క్యాష్‌లెస్. హాస్పిటల్ వాళ్లూ అదే సలహా ఇస్తారు. మనిషి సెలైన్ ఎక్కించుకుని పడుకుంటాడు, మనకి ముప్పై వేల క్లెయిమ్. ఫ్యాక్టరీలోనే డాక్టర్ చూసి, ప్లేట్‌లెట్ల పరీక్షకి కంపెనీ డబ్బిచ్చేలా చేశాక, ఆ సీజన్‌లో జ్వరం అడ్మిషన్లు సగానికి పడిపోయాయి. నిజంగా డెంగీ ముదిరినవాళ్లు చేరారు, చేరాలి కూడా.

కిడ్నీ రాళ్ల సంగతి ఒక లైన్ ఇన్‌ఛార్జి అమ్మాయి చెప్పింది. క్లీన్‌రూంలోంచి బాత్రూంకి పోవాలంటే గౌను, మాస్కు, గ్లవ్స్, షూ కవర్లు అన్నీ విప్పి, వచ్చాక మళ్లీ చేతులు కడుక్కుని కొత్తవి వేసుకోవాలి. పావుగంట పోతుంది, సూపర్‌వైజర్ గడియారం చూస్తాడు. "అందుకే మేడం, లోపలికెళ్లే ముందు మేం నీళ్లు తాగం" అంది, అదేదో మామూలు విషయంలా. ఆడవాళ్లయితే పొద్దున టీ కూడా మానేస్తారట. నేను అక్కడ ఆరేళ్లుగా పనిచేస్తున్నా, ఒక్కరూ ఈ మాట అనలేదు. ఛేంజ్ రూం బయట చల్లటి నీళ్ల పాయింటు పెట్టించి, షిఫ్టులో అదనంగా ఒక బ్రేక్ ఇప్పించడానికి ప్రొడక్షన్‌తో సెప్టెంబరంతా కొట్లాడాను. వాళ్ల లెక్కలో ఒక బ్రేక్ అంటే షిఫ్టుకు ఇన్ని వేల సీసాలు. చివరికి బ్రేక్‌కి వెళ్లినవాళ్ల చోట నిలబడే రిలీవర్ ఆపరేటర్‌ని ఒకరిని పెట్టి ఒప్పించాం. ఆ రిలీవర్ జీతం వెల్‌నెస్ ఖాతాలో రాయమన్నారు, రాశాను. యోగా టీచరుకి ఇచ్చే డబ్బుకంటే అది మేలు.

క్యాంటీన్ గొడవ గురించి క్లుప్తంగా చెప్తా. ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటొద్దంటుంది తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. మా సాంబారూ, పచ్చడీ, అప్పడం, సాయంత్రం మిర్చి బజ్జీ కలిపితే అది మధ్యాహ్నానికే దాటిపోతుంది. వంటలో ఉప్పు తగ్గించిన మొదటి వారం ఇళ్ల నుంచి ఆవకాయ సీసాలు వచ్చాయి. ఒక్కసారిగా కాకుండా నెలకు కొంచెం కొంచెం తగ్గిస్తే ఎవరూ గమనించలేదు. అన్నం తగ్గించమని డైటీషియన్ చెప్పింది, మోయలేని బస్తాలు మోసేవాడికి ఆ మాట నేను చెప్పలేదు. పనిచేసిందల్లా టీ. చక్కెర కలిపే వచ్చే ప్రీమిక్స్ మెషీన్ తీసేసి, విడిగా చక్కెర పెట్టాం. రోజుకు నాలుగైదు టీలు తాగే ఊళ్లో దానికి మించిన డైట్ ప్లాన్ లేదు. కాంట్రాక్టర్ మంచి నూనె వాడాలంటే ప్లేటుకు 4 రూపాయలు పెంచమన్నాడు. పెంచాం, నూనె కొన్న బిల్లులు చూపించాలన్న షరతు మీద.

సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ తీసేశారు. పేపర్లో చూసి అందరూ నా దగ్గరికొచ్చారు, "మనకెంత తగ్గుతుంది మేడం?" అని. గ్రూప్ పాలసీకి అది వర్తించదు, మాకు 18 శాతం అలాగే ఉంది. కొందరు తల్లిదండ్రులకి విడిగా పాలసీ తీసుకుంటామన్నారు. తీసుకోండి గానీ, ముందు నుంచి ఉన్న జబ్బులకి మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు, అప్పటిదాకా మన గ్రూప్ పాలసీ వదలొద్దని చెప్పాను. ఊళ్లో రేషన్ కార్డున్న తల్లిదండ్రులకి ఆరోగ్యశ్రీ కింద పది లక్షల దాకా ఉందన్న సంగతి సగం మందికి తెలియదు. ఒకతను తన తండ్రి స్టెంటు అలా వేయించుకుని కో-పే తప్పించుకున్నాడు. మాకూ ఒక క్లెయిమ్ తప్పింది. దీన్ని వెల్‌నెస్ అంటారో లేదో నాకు తెలియదు.

నవంబరు 21న కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాయి. నలభై దాటిన కార్మికులకి ఏటా ఉచిత ఆరోగ్య పరీక్ష అందులో ఉంది. జూలైలో ఈఎస్ఐ వాళ్లకి ఎందుకన్న ఫైనాన్స్ హెడ్ ఆ వార్త తానే నాకు ఫార్వర్డ్ చేశాడు, ఏ వ్యాఖ్యా లేకుండా.

2026 జనవరి దాకా అంతా బాగుంది. క్లెయిమ్స్ సంఖ్య తగ్గింది, నేను లోపల్లోపల సంబరపడుతున్నా. జనవరి చివర్లో ఒకే వారంలో రెండు పెద్ద క్లెయిములు పడ్డాయి: ఒకరి అమ్మకి క్యాన్సర్, ఇంకొకరి నాన్నకి బైపాస్. రెండూ కలిసి ఆరు లక్షలు. ఆ రోజు ఆ మనుషుల గురించి కాకుండా ముందు రేషియో గురించి ఆలోచన వచ్చింది నాకు. ఈ ఉద్యోగం మనిషిని ఎక్కడికి తీసుకెళ్తుందో చూడండి.

ఫిబ్రవరి కొటేషన్‌కి ఇన్సూరర్ లెక్క కట్టిన రేషియో దాదాపు 90 శాతం. 126తో పోలిస్తే బాగానే ఉంది కదా అని ఎండీ గారు సంతోషించారు. కానీ అందులో చాలావరకు మహిమ మేం కట్టే ప్రీమియం పది లక్షలు పెరగడం, కో-పే పెట్టడం. ఫైనాన్స్ హెడ్ తిన్నగా అడిగాడు: డాక్టర్ వల్ల ఎంత తగ్గింది, కో-పే వల్ల ఎంత? విడదీసి చెప్పడానికి వీల్లేదన్నాను. వెల్‌నెస్ కింద మొత్తం ఖర్చు, చెకప్, డాక్టర్, మందులు, రిలీవర్ జీతం, నీళ్ల పాయింటు, యాప్ అన్నీ కలిపి ఎనిమిది లక్షల పైన. జ్వరాలు, రాళ్ల అడ్మిషన్లలో తగ్గింది మాత్రం నాలుగు లక్షల దరిదాపు. రూపాయి లెక్కలో ఈ ఏడాది మేం నష్టంలోనే ఉన్నాం. స్టోర్స్ అతని బీపీ ఇప్పుడు మాత్రలతో 130ల్లో ఉంది. అతనికి రాని పక్షవాతం ఏ షీటులోనూ కనపడదు, ఎక్కడ రాయాలో ఫైనాన్స్ హెడ్‌కీ తెలియదు.

ఇన్సూరర్ 46 లక్షలు అడిగాడు. డాక్టర్ రిజిస్టరు, జ్వరం అడ్మిషన్ల నెలవారీ లెక్క, చెకప్ మొత్తం లెక్క ముందు పెట్టి రెండు మీటింగులు కూర్చుంటే 43కి దిగింది. బ్రోకర్ చెప్పినట్టు తగ్గలేదు, కాకపోతే పోయినసారిలా ఎగరలేదు. కో-పే 20 నుంచి 10కి దించమని అడిగాను, 15 దగ్గర ఆగింది. నోటీసు బోర్డులో ఆ ఒక్క లైన్ పెట్టినప్పుడు మాత్రం ఎవరూ నన్ను తిట్టుకోలేదు.

ఏప్రిల్ 1 నుంచి కొత్త పాలసీ నడుస్తోంది. మూడు నెలల ఒప్పందం అయిపోయాక యాప్ మళ్లీ తీసుకోలేదు. డాక్టర్ గారిని వారానికి మూడో రోజు కూడా రమ్మని అడిగాం, సంగారెడ్డిలో క్లినిక్ ఉంది కాబట్టి శనివారం కుదరదన్నారు, బుధవారానికి ఒప్పుకున్నారు. ఈసారి చెకప్ ఎండలు తగ్గాక, జూన్ చివర్లో పెట్టుకున్నాం. కాంట్రాక్ట్ లేబర్‌కి కూడా రక్త పరీక్షలు చేర్చిన బడ్జెట్ ఫైనాన్స్ టేబుల్ మీద ఉంది, ఇంకా సంతకం కాలేదు.